ట్రియెస్టెలోని శాన్ జోవన్ని పార్కులో పాత పిచ్చాసుపత్రి జాడలు ఎలా చూడాలి?

ఇటలీ ఈశాన్య అంచున ట్రియెస్టె ఓడరేవు ఉంది. అక్కడ కొండవాలున ఉన్న శాన్ జోవన్ని పార్కు ఒకప్పుడు మానసిక రోగుల ఆసుపత్రి. ఇప్పుడు అందరూ తిరిగే చోటు.

1. కింది గేటు నుంచి మొదలుపెట్టి పైకి నడవండి. అంతా ఎత్తే కాబట్టి మంచి చెప్పులు ఉండాలి. మే నెలలో వెళ్తే గులాబీ తోట నిండుగా పూసి ఉంటుంది.

2. ముందు భవనాల వరసను గమనించండి. 1908లో ఆస్ట్రియా-హంగరీ పాలనలో ఇది తెరుచుకుంది. వాలు మధ్యలో ఆఫీసు, నాటకశాల, వంటశాల, చర్చి, వాటికి ఇరువైపులా విడివిడి వార్డులు. చెట్ల మధ్య పల్లెటూరిలా కనిపిస్తుంది గానీ, ఈ పల్లెటూరికి గేట్లు వేసి ఉండేవి. 1971లో ఫ్రాంకో బసాల్యా అనే మానసిక వైద్యుడు డైరెక్టరుగా వచ్చేనాటికి లోపల సుమారు 1,200 మంది ఉన్నారు.

3. గోడల మీది రాతలు వెతకండి. ‘స్వేచ్ఛే చికిత్స’ అని ఇటాలియన్‌లో రాసిన వాక్యం ఇప్పటికీ చదవొచ్చు. అక్కడ కాసేపు ఆగండి. వార్డుల తాళాలు తీసి, కరెంటు షాకులు, కట్టివేయడాలు మాన్పించిన బసాల్యా, ఆయన తోటివాళ్ల మాట అది.

4. ఇక గుర్రం సంగతి. నాకు ఈ పార్కులో అన్నిటికంటే ముఖ్యమైన జాడ ఇదే, పైగా కంటికి కనబడనిది. మార్కో అనే ముసలి గుర్రం ఏళ్ల తరబడి ఆసుపత్రి మాసిన బట్టల బండి లాగింది. 1972లో దాన్ని కసాయికి పంపకుండా కాపాడమని రోగులు అధికారులకు అర్జీ పెట్టుకున్నారు, గెలిచారు. మరుసటి ఏడాది ఖాళీ అయిన ఒక వార్డులో, కళాకారులతో కలిసి చెక్కతో, కాగితపు గుజ్జుతో నీలిరంగు గుర్రాన్ని కట్టారు. దాని పేరు మార్కో కవాల్లో, అంటే ‘మార్కో గుర్రం’. దాని కడుపులో తమ కోరికలు రాసి నింపారు. ఊరేగింపు నాడు గుర్రం ఎత్తు గేటుకు పట్టలేదు. ఇనుప బెంచీతో బాది దారి చేసుకుని నగరంలోకి తీసుకెళ్లారు. వందల మంది రోగులు దాని వెంట నడిచారు. అందుకే గేట్ల దగ్గర నిలబడి, ఇంత ఎత్తు గుర్రం ఎలా దాటి ఉంటుందో కళ్లతో కొలవండి.

5. పైన ‘ఇల్ పోస్తో దెల్లె ఫ్రాగొలె’ అనే హోటల్ ఉంది. కాఫీ తాగి అలసట తీర్చుకోండి. ఇక్కడి రోగులు సహకార సంఘం పెట్టుకుని, పనికి తగ్గ జీతం తీసుకోవడం మొదలైంది ఈ ఆవరణలోనే. అంతకుముందు అదే ఊడ్చే పని, ఉతికే పని ‘చికిత్స’ పేరుతో చేసేవాళ్లు.

6. దిగేటప్పుడు తారీఖు గుర్తుంచుకోండి: 1978 మే 13. ఇటలీ మానసిక ఆసుపత్రులను మూసివేయాలన్న 180వ చట్టం వచ్చిన రోజు. దానికి దారి ఈ వాలు మీదే పడింది.

ఇంకొక్క మాట. ఇక్కడి కొన్ని భవనాల్లో ఇప్పటికీ మానసిక ఆరోగ్య కార్యాలయాలు నడుస్తున్నాయి, సాయం కోసం జనం వస్తుంటారు. కిటికీల్లోంచి తొంగిచూడొద్దు, మనుషుల మొహాలు ఫొటో తీయొద్దు. బెంచీ మీద ఎవరైనా పలకరిస్తే పక్కన కూర్చుని మాట్లాడండి.