మొహం బిగుసుకుపోతోందా? అయితే ఫేస్‌వాష్ మార్చండి

మొహం కడిగాక చర్మం బిగుసుకుపోయి, వేలితో రుద్దితే కిర్రుమంటుంటే చాలామంది 'అబ్బ, ఎంత శుభ్రంగా ఉందో' అనుకుంటారు. మురికితో పాటు చర్మానికి కావాల్సిన నూనె కూడా పోతేనే అలా అవుతుంది. చర్మం పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) సుమారు 5, అంటే కాస్త ఆమ్లం; మామూలు ఒంటిసబ్బుది 9 నుంచి 10, అంటే క్షారం. అందుకే ఆ సబ్బు మొహానికి వద్దు.

ముందు మీది ఏ చర్మమో తేల్చుకోండి. ఘాటు లేని క్లెన్సర్‌తో కడిగి, ఏమీ రాయకుండా గంటసేపు వదిలేసి, నుదురు, ముక్కు, బుగ్గల మీద విడివిడిగా టిష్యూ పేపర్ అద్దండి. అన్నిచోట్లా జిడ్డు మరక పడితే జిడ్డు చర్మం, నుదురూ ముక్కు దగ్గరే పడితే కాంబినేషన్, మరకే లేకుండా పొట్టు లేస్తున్నట్టుంటే పొడి చర్మం. ఏది రాసినా మండి ఎర్రబడితే సున్నిత చర్మం, ఇది పై మూడింటిలో దేనితోనైనా కలిసి ఉండొచ్చు.

జిడ్డు చర్మానికి జెల్ రకం బాగుంటుంది. మొటిమలు కూడా ఉంటే 0.5 నుంచి 2 శాతం సాలిసిలిక్ యాసిడ్ ఉన్నది చూడండి, అది నూనెలో కరుగుతుంది కాబట్టి రంధ్రాల్లో పేరుకున్న జిడ్డు దాకా వెళ్లగలదు. మొదట్లో రోజుకు ఒక్కసారి చాలు. మొటిమలకే వాడే మరో మందు బెంజాయిల్ పెరాక్సైడ్ ఉన్నది వాడితే మాత్రం తెల్ల తువ్వాలే వాడండి, రంగువి వెలిసిపోతాయి! పొడి చర్మానికి నురగ పెద్దగా రాని క్రీమ్ క్లెన్సర్, అందులో గ్లిజరిన్, సెరమైడ్లు (చర్మంలో సహజంగా ఉండే కొవ్వులు) ఉంటే మంచిది. సున్నిత చర్మమైతే లేబుల్ మీద 'ఫ్రాగ్రెన్స్ ఫ్రీ' అని ఉండాలి; 'అన్‌సెంటెడ్' అంటే వాసన తెలియకుండా కప్పేసే పదార్థం కలిపి ఉండొచ్చు.

ఇక కడగడం. ముందు చేతులు కడుక్కుని, గోరువెచ్చని నీళ్లతో మొహం తడిపి, వేళ్ల కొసలతో అర నిమిషం నెమ్మదిగా రాస్తే సరిపోతుంది, స్క్రబ్బర్లేవీ వద్దు. జుట్టు మొదలయ్యే చోట, దవడ కింద నురగ మిగిలిపోతుంటుంది, అక్కడ ఇంకోసారి నీళ్లు పోయండి. తువ్వాలుతో అద్ది, చెమ్మ ఆరకముందే మాయిశ్చరైజర్ రాసేయండి. రోజుకు రెండుసార్లు, బాగా చెమట పట్టినప్పుడు ఇంకోసారి. పొడి చర్మం వాళ్లు పొద్దున ఉత్త నీళ్లతో కడుక్కున్నా పర్లేదు. మేకప్, వాటర్‌ప్రూఫ్ సన్‌స్క్రీన్ వేసుకున్న రోజు ముందు క్లెన్సింగ్ ఆయిల్‌తో తీసి, తర్వాత ఫేస్‌వాష్ వాడండి.

కొత్తది కొన్నారా? నేరుగా మొహానికి పెట్టకుండా, వారం పది రోజులు మోచేతి మడత దగ్గర రాసి కడుగుతూ చూడండి. దురద, దద్దుర్లు వస్తే వెంటనే ఆపేయండి, తగ్గకపోతే చర్మ డాక్టర్‌కి చూపించండి.