అంటుకుపోయిన లిగ్నిన్ పోగులు: నా అనుభవం

ఒడిశా రాయగడలోని మా కళాశాల ప్రయోగశాలకు కాగితపు మిల్లు నుంచి ఒక డబ్బా నల్ల ద్రావణం వచ్చింది. యూకలిప్టస్, సరుగుడు కలపను క్షారంలో ఉడికించి గుజ్జు తీశాక మిగిలేది అదే. కలప నారలను బంకలా పట్టి ఉంచే పదార్థం లిగ్నిన్. ఆ ద్రావణంలోని లిగ్నిన్‌తో కార్బన్ పోగులు చేయాలని నా ఆశ.

గంధకామ్లంతో పీహెచ్‌ను 2కు దించితే లిగ్నిన్ విడిపోయింది గానీ, బురదలా మారి వడపోత కాగితాన్ని మూసేసింది. 60 డిగ్రీలకు వేడి చేశాక రేణువులు గుంపులు కట్టి చక్కగా వడకట్టుకున్నాయి. ఆమ్లం పోసేటప్పుడు వెలువడే హైడ్రోజన్ సల్ఫైడ్ విషవాయువు. ఆ పని ఆరుబయట కూడా చేయవద్దు, పొగగూడు (ఫ్యూమ్ హుడ్)లోనే చేయాలి. తర్వాత పలుచని ఆమ్లంతో కడిగాను. సోడియం మిగిలితే పోగులు బలహీనపడతాయి.

పోగులు తీయడం తేలికగానే జరిగింది. అసలు దెబ్బ తర్వాత తగిలింది. కార్బన్‌గా కాల్చేటప్పుడు పోగులు కరగకుండా ముందు వాటిని గాలిలో వేడి చేసి గట్టిపరచాలి. నిమిషానికి 2 డిగ్రీల చొప్పున 250 వరకు వేడి చేసి పొయ్యి తెరిస్తే, నల్లటి ముద్ద ఒక్కటే ఉంది. "పాకం ముదిరింది సార్" అన్నాడు మా సహాయకుడు. ఇంట్లో ఒడియా మాట్లాడతాడు, వెక్కిరింపు మాత్రం తెలుగులోనే.

గాలిలోని ఆక్సిజన్, లిగ్నిన్ అణువులను ఒకదానికొకటి ముడివేసేకొద్దీ లిగ్నిన్ మెత్తబడే ఉష్ణోగ్రత పెరుగుతుంది. పొయ్యి వేడి దాన్ని దాటిపోతే పోగులు అంటుకుపోతాయి. అందుకే వేగాన్ని నిమిషానికి 0.2 డిగ్రీలకు తగ్గించాను. పద్దెనిమిది గంటలు పట్టింది. కరెంటు పోతుందేమోనని రాత్రంతా కాపలా కాశాను. తెల్లవారాక చూస్తే పోగులు విడివిడిగా ఉన్నాయి. నైట్రోజన్‌లో 1000 డిగ్రీలకు కాల్చినా అతుక్కోలేదు. ఇక వాటి బలం కొలవాలి.