మూత పెట్టిన టీ ఎంతకు చల్లారుతుంది? ఘాత ప్రమేయం గ్రాఫు గీయడం ఎలా?

మే నెల మధ్యాహ్నం కడపలో నీడపట్టున కూడా 40 డిగ్రీలు ఉందనుకోండి. 88 డిగ్రీల టీని గ్లాసులో పోసి మూత పెడితే, ఎంతసేపు వదిలేసినా అది 40 కిందికి దిగదు. (మూత తీస్తే లెక్క మారుతుంది. ఆవిరి వేడిని పట్టుకుపోతుంది, కుండలో నీళ్లు చల్లబడేది అందుకే.) గ్రాఫులో ఆ 40 దగ్గర అడ్డంగా ఉండే గీతే అనంతస్పర్శరేఖ, అంటే వక్రం అంతకంతకూ దగ్గరయ్యే గీత.

టీకి, గాలికి తేడా 48 డిగ్రీలు. ఆ తేడా ప్రతి 10 నిమిషాలకూ సగమవుతుందనుకుంటే సూత్రం ఇది:

వై = 40 + 48 × (1/2)^ఎక్స్

వై టీ వేడి, ఎక్స్ కాలం; ఎక్స్ 1 అంటే 10 నిమిషాలు. ఎక్స్ ఘాతంలో ఉంది కాబట్టి ఇది ఘాత ప్రమేయం. సగమయ్యేది తేడా, టీ వేడి కాదు. 88లో సగం 44 అని వేసుకుంటే మొదటి అడుగే తప్పు.

1. పట్టిక రాయండి. ఎక్స్ 0, 1, 2, 3, 4, 5 అయితే వై 88, 64, 52, 46, 43, 41.5. ముందు ఘాతం, తర్వాత గుణకారం, చివర కూడిక. 48ని సగం చేసి 24కు ఘాతం వేయకండి.

2. స్కేలు: అడ్డంగా 2 సెంటీమీటర్లకు 1, నిలువుగా 1 సెంటీమీటరుకు 10 డిగ్రీలు.

3. వక్రం కంటే ముందే వై = 40 దగ్గర చుక్కల గీత గీయండి. ఇది లేకుండా మొదలుపెడితే చెయ్యి దానంతటదే వక్రాన్ని కిందికి, ఎక్స్ అక్షం దాకా లాగేస్తుంది.

4. బిందువులను స్కేలుతో కాకుండా చేత్తో కలపండి. 0కు, 1కి మధ్య ఎంత వంచాలో తెలియకపోతే 0.5 దగ్గర ఒక బిందువు పెట్టండి. అక్కడ వై సుమారు 74. సరళరేఖ గీస్తే 76 వచ్చేది. వంపు ఆ 2 డిగ్రీలంతే.

వక్రం చుక్కల గీతను తాకుతుందా? ఈ స్కేలులో ఎక్స్ 5 దగ్గర రెంటి మధ్య 1.5 మిల్లీమీటర్లు, 6 దగ్గర 0.75, 7 దగ్గర 0.4 కూడా లేదు. పెన్సిలు గీత మందమే సుమారు అర మిల్లీమీటరు, కాబట్టి కాగితం మీద కలిసినట్టు కనిపిస్తుంది. లెక్కలో మాత్రం సగంలో సగం ఎన్నిసార్లు చేసినా సున్నా రాదు.

అదే టీని 24 డిగ్రీల ఏసీ గదిలో పెడితే గీత 24కు దిగుతుంది, గుణకం (సూత్రంలో 48 ఉన్న చోటి సంఖ్య) 64 అవుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన 8 డిగ్రీల నీళ్ల సీసాను మళ్లీ ఆ 40 డిగ్రీల నీడలోనే ఉంచి, తేడా అలాగే సగమవుతుందనుకుంటే గుణకం −32. వక్రం 8, 24, 32, 36 అంటూ గీతకు కింది నుంచి చేరుతుంది. గీత ఎక్కడుండాలో చెప్పేది విడిగా కలిపిన సంఖ్య, ఎటునుంచి చేరాలో చెప్పేది గుణకం గుర్తు.

ఇక వై = 2^ఎక్స్. కుడివైపు ఇది పైకి పోతూనే ఉంటుంది, అక్కడ గీతను వెతికి లాభం లేదు. ఎడమకు వెళ్లండి: −1 దగ్గర 1/2, −2 దగ్గర 1/4, −3 దగ్గర 1/8. కలిపిన సంఖ్యేమీ లేదు కాబట్టి ఇక్కడ ఎక్స్ అక్షమే అనంతస్పర్శరేఖ.