షెడ్యూల్‌లో కూలి లెక్క కుదరడం లేదా? ముందు రోజుకు ఎన్ని గంటలో చూడండి

పనుల షెడ్యూల్ వేసే మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్ సాఫ్ట్‌వేర్‌లో మనుషుల్నీ రేట్లనీ ఎక్కించాక లెక్క తేడా కొడితే చాలామంది ఎస్టిమేట్‌నే మొదటి నుంచి వేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. చాలాసార్లు తప్పు ఎస్టిమేట్‌లో ఉండదు.

ఖర్చు సున్నా చూపిస్తే, రిసోర్స్ షీట్‌లో (మనుషులు, వాళ్ళ రేట్లు ఉండే పట్టిక) స్టాండర్డ్ రేట్, అంటే మామూలు కూలి, ఖాళీగా ఉంది, లేదా ఆ పనికి మనుషుల్ని కేటాయించలేదు.

ఖర్చు ఎనిమిది రెట్లు వస్తే, మేస్త్రీ కూలి దగ్గర 900 అని మాత్రమే కొట్టారు. సాఫ్ట్‌వేర్ దాన్ని గంటకు 900 అనుకుంటుంది, రోజుకు 7,200 వేస్తుంది. రోజు కూలి అని యూనిట్ కూడా ఇవ్వాలి. పది సెకన్ల పని ఇది, అయినా ఎవరూ చూడరు.

ఇక నన్ను ముంచిన సమస్య. మొత్తం ఖర్చు సరిగ్గానే ఉంటుంది, పనులు ముగిసే తేదీలు మాత్రం అసలు కంటే ముందే వచ్చేస్తాయి, వారం బట్వాడా (కూలి చెల్లింపు) లెక్క కలవదు.

మన సైట్లలో పని ఉదయం 8 నుంచి 1 దాకా, మళ్ళీ 2 నుంచి 6 దాకా. అంటే 9 గంటలు, ఆదివారం సెలవు. క్యాలెండర్‌లో ఈ వేళలు పెట్టేస్తాం. కానీ ఆప్షన్స్‌లో 'అవర్స్ పర్ డే' అలాగే 8 దగ్గర ఉండిపోతుంది. సెంట్రింగ్‌కు (కాంక్రీటు పోయడానికి అచ్చు కట్టే పని) 10 రోజులు అని కొడితే 80 గంటలుగా రాసుకుని, రోజుకు 9 చొప్పున తీసేస్తుంది. సోమవారం మొదలైన పని తర్వాతి వారం గురువారం సాయంత్రం 6కు ముగియాలి. ఫైల్‌లో బుధవారం 5కే ముగుస్తుంది. ఒక మేస్త్రీకి మొత్తం 9,000 అనే చూపిస్తుంది కాబట్టి అనుమానం రాదు. శనివారం బట్వాడాకు మాత్రం ఆరు రోజుల 54 గంటలకు గంటకు 112.50 (900ను 8తో భాగిస్తే వచ్చేది) లెక్కన ఫైల్ 6,075 అంటుంది, మీరిచ్చేది 5,400.

మిర్యాలగూడ వైపు ఒక కాలువ లైనింగ్‌లో 90 రోజుల పని నా ఫైల్‌లో 80 పనిదినాలకే అయిపోయింది. పది రోజులు చేతిలో ఉన్నాయని నమ్మాను. పాలమూరు నుంచి రావాల్సిన ముఠాను ఆలస్యంగా పిలిపించాను. నీళ్ళు వదిలే తేదీ దగ్గరపడ్డాక, రాత్రిళ్ళు లైట్లు పెట్టి పని చేయించాల్సి వచ్చింది. ఆ మనుషులు పడ్డ కష్టం ఇప్పటికీ గుర్తుంది.

కనిపెట్టడం తేలిక. తేదీతో పాటు టైమ్ కూడా కనిపించే ఫార్మాట్ పెట్టండి. పూర్తి రోజుల పనులు 6కు కాకుండా వేరే వేళల్లో ముగుస్తుంటే ఇదే కారణం. ఆప్షన్స్‌లో షెడ్యూల్‌కు వెళ్ళి రోజుకు 9, వారానికి 54, నెలకు 26 రోజులు పెట్టండి. ముగింపు వేళ 6 చేయండి. అప్పుడు పాత 10 రోజులు 8.89గా మారి కనిపిస్తాయి. కంగారు పడకండి, మళ్ళీ 10 కొట్టండి. తర్వాత రేట్లు రోజుకు 900గానే ఉన్నాయో లేదో చూసుకోండి.

సమ్మరీ టాస్క్‌కు (చిన్న పనులన్నీ కలిపి చూపే పై వరుస) మనుషుల్ని కేటాయిస్తే ఖర్చు రెండుసార్లు పడుతుంది, తీసేయండి. ఒకే మనిషికి వేర్వేరు కూలి రేట్లు పెట్టుకునే రేట్ టేబుళ్ళలో ఎ బదులు బి ఎంచుకోవడం లాంటివి ఎప్పుడో గానీ జరగవు, చివర్లో చూసుకోవచ్చు.

ఆప్షన్స్‌లో రోజుకు 9 గంటలు పెట్టేటప్పుడు పైన ఉన్న పెట్టెలో 'ఆల్ న్యూ ప్రాజెక్ట్స్'కు కూడా 9 పెట్టండి. లేకపోతే రేపు తెరిచే కొత్త ఫైల్‌లో మళ్ళీ 8 వచ్చి కూర్చుంటుంది.