బెర్నీనీ చెయ్యా, పనివాడి చెయ్యా: బస్టు చూసి తేల్చుకోవడం ఎలా

గుంటూరులో నాయకుల విగ్రహాలు చేసుకు బతుకుతున్నవాణ్ణి. రాత్రిళ్ళు మాత్రం లూవ్ర్, గెట్టీ మ్యూజియాల సైట్లు తెరిచి 17వ శతాబ్దపు రోమ్ బస్టులు (తల నుంచి ఛాతీ దాకా ఉండే విగ్రహాలు) చూస్తుంటాను, ముఖ్యంగా ఆనాటి పెద్ద శిల్పి బెర్నీనీవి. ఫలానా బస్టు ఎవరు చెక్కిందో ఎలా చెప్తారని మా షాపు కుర్రాళ్ళు అడుగుతుంటే, నాకు పనికొచ్చిన పద్ధతి రాస్తున్నా.

ముందు మొహం వదిలేయండి. శిల్పి ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేసేది అక్కడే, నకలు కొట్టేవాడు మొదట పట్టేదీ దాన్నే. చెవి చూడండి. మా షాపులో మట్టి చెవి చూస్తే చాలు, ఎవరు పెట్టారో చెప్పేస్తాను: ఒకడు తమ్మెను దవడకి అతికించేస్తాడు, ఇంకొకడు లోపలి మడత లోతుగా తవ్వుతాడు. 19వ శతాబ్దంలో ఇటలీ కళా విమర్శకుడు జొవాన్ని మొరెల్లి చెవులూ గోళ్ళూ చూసి పెయింటింగులు ఎవరివో తేల్చింది ఈ లెక్కనే. తర్వాత జుట్టు మొదళ్ళు, డ్రిల్ గుంటలు, వీపు భాగంలో చెక్కకుండా వదిలిన ఉలి గాట్లు. వీపు ఫోటో లేకపోతే నేనైతే నోరు మెదపను.

అసలు చిక్కు ఇక్కడుంది. పని అద్భుతంగా ఉంది కాబట్టి పెద్దాయనదే అనుకోకండి. లూవ్ర్‌లో మరియా బార్బెరీనీ బస్టు చూడండి: లేసు కాలర్‌లో దారం దారానికీ మధ్య సందు కనిపించేలా పాలరాయిని తొలిచారు. చాలాకాలం బెర్నీనీదన్నారు, ఇప్పుడు జులియానో ఫినెల్లీదంటున్నారు. ఇతను ఇటలీలోని పాలరాయి ఊరు కరారా నుంచి వచ్చి బెర్నీనీ దగ్గర పనిచేసినవాడు. బెర్నీనీ పేరున్న 'ఆపొలో, డాఫ్నీ' శిల్పంలో ఆ పల్చటి ఆకుల పని చాలావరకు ఇతనిదేనంటారు. పేరు మాత్రం మేస్త్రీది! మా దగ్గరా అంతే.

మరి బెర్నీనీని ఎక్కడ పట్టుకోవాలి? కదలికలో. 1632 నాటి షిపియోనే బోర్గేసే బస్టులో ఆ కార్డినల్ (చర్చి పెద్ద) ఏదో చెప్పబోతున్నట్టు పెదాలు విడివడి ఉంటాయి, బొత్తాం కాజాలో సగమే దిగి ఉంటుంది. అదే కాలపు ఇంకో శిల్పి అల్గార్డీ చెక్కిన మనుషులు స్థిమితంగా, తమలో తాము ఉంటారు. షిపియోనే బస్టుకి నుదుటి దగ్గర రాయి చిట్లితే బెర్నీనీ రెండోది చెక్కాడు, రెండూ రోమ్‌లోని బోర్గేసే గ్యాలరీలోనే ఉన్నాయి. కాబట్టి జోడీ కనిపించగానే ఒకటి నకలని కొట్టిపారేయొద్దు.

చివరగా కాగితాలు: చెల్లింపు పద్దులు, ఇంటి సామాన్ల జాబితాలు. అవి దొరికినా గొడవ తీరదు. ఆంటోనియో కొప్పోలా బస్టుకి 1612 నాటి పద్దు ఉంది. అయినా అది బెర్నీనీ తండ్రి పియెత్రో చెక్కిందా, అప్పటికి పదమూడేళ్ళ బెర్నీనీ చెక్కాడా అని పండితులు ఇంకా కొట్టుకుంటున్నారు.

విజయవాడలో ఎవరైనా 'ఇటలీ పాత బస్టు' అని చూపిస్తే ఇంత దూరం పోనక్కర్లేదు. తిరగేసి, సెల్ టార్చి పక్కనుంచి వాలుగా కొట్టండి. చెవి వెనక నుంచి భుజం దాకా సన్నటి అచ్చు అతుకు కనిపిస్తే, అది రాతిపొడి కలిపి పోసింది.