డొమైన్ ట్రాన్స్‌ఫర్: ఎక్కడ ఆగుతుంది, ఎందుకు ఆగుతుంది, ఏం చేయాలి

విశాఖలో చిన్న వ్యాపారాల వెబ్‌సైట్లు, మెయిళ్లు చూసుకోవడం నా పని. ద్వారకానగర్ లాడ్జీలు, మహారాణిపేట ల్యాబ్‌లు, ఆటోనగర్ వర్క్‌షాపులు, ఎవరిది చూసినా కథ ఒక్కటే. డొమైన్ ఎప్పుడో మేనల్లుడో, సైటు చేసిపెట్టిన కుర్రాడో కొని ఉంటాడు. ఇప్పుడు రెన్యువల్ రేటు చూసి గుండె గుభేల్‌మని, వేరే రిజిస్ట్రార్‌కి (డొమైన్లు నమోదు చేసే కంపెనీకి) మారదామనుకుంటారు. ట్రాన్స్‌ఫర్ అంటే ఇదే. సగంలో ఆగిపోయాక నాకు ఫోన్.

అందరూ వదిలేసే పని ముందు చెప్తాను. డొమైన్ పేర్ల నిబంధనలు చూసే అంతర్జాతీయ సంస్థ ఐక్యాన్ లుకప్ పేజీ తెరిచి మీ డొమైన్ పేరు కొట్టండి. డాట్ ఇన్ అయితే నిక్సీ అనే సంస్థ నడిపే రిజిస్ట్రీ లుకప్‌లో చూడండి. పాత హూఈజ్ అనే లుకప్ పద్ధతి స్థానంలో 2025 జనవరి నుంచి డాట్ కామ్ లాంటి వాటికి ఆర్‌డాప్ వచ్చింది గానీ, మనం చూసేవి అవే నాలుగు లైన్లు: రిజిస్ట్రార్ ఎవరు, గడువు ఎప్పుడు, స్టేటస్ ఏమిటి, నేమ్‌సర్వర్లు (డొమైన్ రికార్డులు ఉండే సర్వర్లు) ఎవరివి. నిమిషం పని. ఇది చూడకుండా ఫోన్ చేసేవాళ్లే ఎక్కువ.

మీరు డబ్బు కట్టిన కంపెనీ పేరు కాకుండా వేరే పేరు కనిపిస్తే కంగారు పడకండి. మీకు అమ్మింది రీసెల్లర్ అన్నమాట. ట్రాన్స్‌ఫర్‌కి పాత రిజిస్ట్రార్ ఇచ్చే రహస్య కోడ్ ఒకటి కావాలి. దాని కోసం ముందు రీసెల్లర్‌ని అడగండి. పలక్కపోతే లుకప్‌లో కనిపించే అసలు రిజిస్ట్రార్‌కి రాయండి.

కోడ్ పెడితే తీసుకోవడం లేదు

స్టేటస్‌లో "క్లయింట్ ట్రాన్స్‌ఫర్ ప్రొహిబిటెడ్" అని ఉంటే లాక్ తీయలేదన్నమాట. పాత రిజిస్ట్రార్ ప్యానెల్‌లో తీసేయండి. లాక్ లేకపోయినా తీసుకోకపోతే వాట్సాప్‌లో కాపీ చేసినప్పుడు చివర స్పేస్ వచ్చిందేమో, పాత కోడేమో చూసి కొత్తది తెప్పించుకోండి. డాట్ కామ్ లాంటి డొమైన్లకు అడిగిన 5 రోజుల్లో రిజిస్ట్రార్ కోడ్ ఇచ్చి తీరాలి. ఇవ్వకపోతే ఐక్యాన్‌కి ఫిర్యాదు పెట్టొచ్చు. ఆ మాట మెయిల్‌లో రాస్తే చాలాసార్లు ఆ రోజే కోడ్ వస్తుంది.

లాక్ తీసినా "60 రోజులు ఆగండి" అంటోంది

డొమైన్ కొని 60 రోజులు కాకపోయినా, ఇంతకుముందు ట్రాన్స్‌ఫర్ అయి 60 రోజులు కాకపోయినా ఆగాల్సిందే. ఇవి అందరికీ తెలిసినవే. తెలియకుండా ఇరుక్కునేది మూడో దాంట్లో. ట్రాన్స్‌ఫర్‌కి ముందు "కుర్రాడి పేరు తీసేసి మన పేరు పెడదాం" అని రిజిస్ట్రంట్ (డొమైన్ యజమానిగా నమోదైనవారి) పేరో, సంస్థ పేరో, ఈమెయిలో మారుస్తారు. దాంతో 60 రోజుల లాక్ పడుతుంది. ముందు ట్రాన్స్‌ఫర్ చేయండి, పేరు కొత్త చోట మార్చుకోండి. పాత ఈమెయిల్ చచ్చిపోయి, కోడ్ దానికే పోతోంటే మార్చక తప్పదు. అప్పుడు మార్పు చేసే పేజీలో "60 రోజుల లాక్ వద్దు" అనే టిక్ ఉందేమో చూడండి. అన్ని రిజిస్ట్రార్లూ ఇవ్వరు, ఇచ్చినా మార్చకముందే టిక్ పెట్టాలి. తర్వాత బతిమాలితే పని జరగదు.

ట్రాన్స్‌ఫర్ అయిపోయింది, సైటు తెరుచుకుంటోంది, మెయిల్ మాత్రం రావడం లేదు

అసలు తలనొప్పి ఇది. గాజువాక వైపు రొయ్యల ఎగుమతి చేసే ఒకాయన ఫోన్ చేసి, "ఏటండీ, సైటు బాగానే ఉంది, నేను పంపిన మెయిళ్లు వెళ్తన్నాయి, ఆఫీసులో ఒకళ్లకొకళ్లకి అందుతన్నాయి. బయ్యర్ల దగ్గర్నుంచి మాత్రం వారంగా ఒక్కటీ రాలేదేటి?" అన్నారు. ఆయన చెప్పిన మాటల్లోనే కారణం ఉంది.

ట్రాన్స్‌ఫర్‌లో మారేది రిజిస్ట్రార్ ఒక్కటే. డొమైన్ ఎటు తిరగాలో చెప్పే డీఎన్ఎస్ రికార్డులు వేరు, హోస్టింగ్ వేరు, మెయిల్ వేరు. నేమ్‌సర్వర్ల పేర్లు పాతవే కొత్త చోటికి వస్తాయి. అవి వేరే డీఎన్ఎస్ కంపెనీవైతే ఏ గొడవా లేదు. పాత రిజిస్ట్రార్ ఉచితంగా ఇచ్చిన నేమ్‌సర్వర్లయితే, డొమైన్ వెళ్లిపోయింది కాబట్టి వాళ్లు ఆ రికార్డులు తీసేస్తారు. కొందరు అదే రోజు, కొందరు కొన్నాళ్లాగి. చెప్పి తీసేవాళ్లు తక్కువ.

సైటు పడిపోగానే ఎవరో ఒకరు కొత్త ప్యానెల్‌లోకి వెళ్లి నేమ్‌సర్వర్లు మార్చి, సైటు ఉన్న సర్వర్‌ని చూపించే "A" రికార్డు ఒక్కటి పెడతారు. సైటు లేస్తుంది, అందరూ ఊపిరి పీల్చుకుంటారు. మెయిల్ ఎక్కడికి రావాలో చెప్పే ఎమ్ఎక్స్ రికార్డు ఎవరికీ గుర్తుండదు. పంపడానికి మన ఎమ్ఎక్స్ అక్కర్లేదు కాబట్టి పంపినవి వెళ్తాయి. ఒకే మెయిల్ సేవలో ఉన్న సిబ్బంది మధ్య మెయిళ్లు సాధారణంగా లోపల్లోపలే చేరతాయి. అందుకే ఆఫీసులో కూర్చుని ఎంత టెస్ట్ చేసినా అంతా బాగున్నట్టే ఉంటుంది. ఈ డొమైన్‌తో సంబంధం లేని బయటి మెయిల్ నుంచి పంపి చూడాలి.

ఇంకో తిరకాసు. ఎమ్ఎక్స్ లేకపోతే పంపే సర్వర్ "A" రికార్డు చూపించే చోటికే మెయిల్ తీసుకెళ్తుంది, అంటే మీ వెబ్ హోస్టింగ్ సర్వర్‌కి. అక్కడ హోస్టింగ్ నడిపే సీప్యానెల్ సాఫ్ట్‌వేర్ ఆ మెయిల్‌ని తనదే అనుకుని తీసేసుకుంటే బౌన్స్ కూడా రాదు. బయ్యర్ పంపాననుకుంటాడు, మీరు రాలేదనుకుంటారు. పైన చెప్పిన రొయ్యలాయన మెయిళ్లన్నీ అక్కడ లేని అడ్రస్‌లకు వచ్చినవి పడే సీప్యానెల్ డీఫాల్ట్ అడ్రస్ మెయిల్‌బాక్స్‌లోనే దొరికాయి, కొటేషన్ అడిగినవి, కంటెయినర్ ఎప్పుడని అడిగినవి అన్నీ. మీకూ ఇలా అయితే ముందు అక్కడ వెతకండి.

ట్రాన్స్‌ఫర్ ఇంకా మొదలు పెట్టనివాళ్లు డీఎన్ఎస్ ముందు మార్చాలి, రిజిస్ట్రార్‌ని తర్వాత. పాత ప్యానెల్‌లో జోన్ ఫైల్ (రికార్డులన్నీ ఉండే ఫైల్) ఎక్స్‌పోర్ట్ ఉంటే దించుకోండి, లేకపోతే ప్రతి రికార్డునీ స్క్రీన్‌షాట్ తీయండి. కొత్త డీఎన్ఎస్ సేవలు "మేమే స్కాన్ చేసి తెచ్చేస్తాం" అంటాయి. నమ్మి వదిలేయకండి. అవి తెలిసిన పేర్లు ఊహించి అడుగుతాయంతే. బిల్లింగ్‌కి పెట్టుకున్న సబ్‌డొమైనో, డీకిమ్ (మెయిల్‌పై డిజిటల్ సంతకం) సెలెక్టరో తప్పిపోతుంది. చేత్తో ఎక్కించేటప్పుడు పేరు గడిలో డొమైన్‌తో సహా పూర్తి పేరు రాస్తే, కొన్ని ప్యానెళ్లు చివర డొమైన్‌ని మళ్లీ అతికిస్తాయి. సేవ్ చేశాక ఆ లైను ఎలా కనిపిస్తోందో చూడండి. మెయిల్ నిజంగా మీ నుంచే వచ్చిందని చూపించే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ రికార్డులు మూడూ వచ్చాయా చూడండి. అవి లేకపోతే మీరు పంపేవి స్పామ్‌లో పడతాయి.

డీఎన్ఎస్‌సెక్ (డీఎన్ఎస్ జవాబులు నకిలీవి కాకుండా చూసే రక్షణ) ఆన్‌లో ఉంటే నేమ్‌సర్వర్లు మార్చకముందే రిజిస్ట్రార్ దగ్గర దాని డీఎస్ రికార్డు తీయించి, ఓ రోజు ఆగండి. అలా చేయకపోతే కొందరి ఫోన్లో సైటు తెరుచుకుంటుంది, కొందరికి తెరుచుకోదు. జనం నెట్‌వర్క్‌ని తిట్టుకుంటారు.

తర్వాత నేమ్‌సర్వర్లు మార్చండి. డాట్ కామ్‌లో ఆ సమాచారం బయట 48 గంటల దాకా నిలవ ఉంటుంది కాబట్టి రెండు రోజులు ఆగి, బయటి నుంచి మెయిల్ రప్పించుకుని చూసి, అప్పుడు ట్రాన్స్‌ఫర్ మొదలుపెట్టండి.

ఇప్పటికే దెబ్బతిన్నవాళ్లకు ఒక్క మాట. నేమ్‌సర్వర్లు అసలు జవాబే ఇవ్వకపోతే పంపినవాళ్ల సర్వర్లు చాలావరకు మెయిల్‌ని క్యూలో పెట్టుకుని కొన్ని రోజులు మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తాయి. సగం రికార్డులతో జవాబిస్తే మెయిల్ తిరిగిపోతుంది, లేదా పైన చెప్పినట్టు ఎక్కడో ఇరుక్కుంటుంది. కాబట్టి పావుగంట ఆలస్యమైనా ఫర్వాలేదు, ఎమ్ఎక్స్, టీఎక్స్‌టీ (ఎస్‌పీఎఫ్ లాంటివి ఉండే రికార్డు) అన్నీ కొత్త చోట ఎక్కించాకే నేమ్‌సర్వర్లు మార్చండి. పాత రికార్డులు చేతిలో లేకపోతే మీ మెయిల్ సేవ అడ్మిన్ ప్యానెల్‌లో ఎమ్ఎక్స్, డీకిమ్ విలువలు ఉంటాయి.

అంతా బాగుంది, 15 రోజులకు ఉన్నట్టుండి సైటు మాయం

స్టేటస్‌లో "క్లయింట్ హోల్డ్" ఉందా? అంటే రిజిస్ట్రారే డొమైన్‌ని ఆపేశాడు. కొత్త రిజిస్ట్రార్ "మీ ఈమెయిల్ ధ్రువీకరించండి" అని పంపిన లింకు ఎవరూ నొక్కలేదు. స్పామ్‌లో వెతకండి, దొరక్కపోతే ప్యానెల్ నుంచి మళ్లీ పంపించుకోండి. రిజిస్ట్రంట్ ఈమెయిల్‌గా అదే డొమైన్ మెయిల్ ఇవ్వొద్దు. డొమైన్ ఆగితే మెయిలూ ఆగుతుంది, ఇంక లింకు ఎక్కడికి వస్తుంది?

ఎక్కడికి మారాలి?

మొదటి ఏడాది ఆఫర్ చూడకండి, రెన్యువల్ రేటు చూడండి. అన్‌లాక్, కోడ్ రెండూ ప్యానెల్‌లోనే దొరకాలి. సపోర్ట్‌కి రాసి ఎదురుచూడాల్సిన చోటికి నేనెవరినీ పంపను. క్లౌడ్‌ఫ్లేర్ రిజిస్ట్రార్ దగ్గరికి మారాలంటే వాళ్ల నేమ్‌సర్వర్లే వాడాలి, అది ఇష్టమైతేనే వెళ్లండి. విదేశీ కంపెనీ అయితే ఆటో రెన్యువల్‌ని నమ్మి నిద్రపోవద్దు. 2021 అక్టోబరు నుంచి ఆర్‌బీఐ ఈ-మ్యాండేట్ (ఆటోమేటిక్ చెల్లింపులకు ముందస్తు అనుమతి) నిబంధనలు గట్టిగా అమలవుతున్నాయి, ఆ పద్ధతిలో నమోదు కాని కార్డు చార్జీలను బ్యాంకు తిప్పికొడుతుంది. ఫోన్ క్యాలెండర్‌లో నెల ముందుకి రిమైండర్ పెట్టుకోండి.

మిగతావి

ట్రాన్స్‌ఫర్‌తో గడువుకు కలవాల్సిన ఏడాది కలవలేదా? గడువు దాటాక పాత చోట రెన్యువల్ చేసి 45 రోజుల్లోపు ట్రాన్స్‌ఫర్ చేస్తే ఆ రెన్యువల్ ఏడాది పోతుంది. పాత రిజిస్ట్రార్‌ని డబ్బు వెనక్కి అడగండి. రెన్యువల్ చేయక డొమైన్ రద్దయి రిడెంప్షన్‌లో (తిరిగి దక్కించుకునే గడువులో) పడితే ట్రాన్స్‌ఫర్ మాట మరిచిపోయి, అదనపు ఫీజు కట్టి పాత చోటే బతికించుకోండి. దానికి 30 రోజులే టైము. స్టేటస్‌లో "సర్వర్ ట్రాన్స్‌ఫర్ ప్రొహిబిటెడ్" అని ఉంటే ఎవరైనా రిజిస్ట్రీ లాక్ (రిజిస్ట్రీ దగ్గరే వేసే అదనపు లాక్) కొని పెట్టారా అని రిజిస్ట్రార్‌ని అడగండి. లేదంటే డొమైన్ మీద వివాదమో కోర్టు ఉత్తర్వో ఉండొచ్చు, నాకు కాదు, లాయర్‌కి ఫోన్ చేయండి.