క్రిస్మస్ రోజు లండన్‌లో ఉండేవాళ్లకు
డిసెంబర్ 25న లండన్‌లో ట్యూబ్ (అక్కడి భూగర్భ మెట్రో), సిటీ బస్సులు, రైళ్లు ఏవీ నడవవు. కాబట్టి ఆ రోజు దిగే విమానం టికెట్ చవగ్గా కనిపించినా తొందరపడకండి, హీత్రూ నుంచి టాక్సీకే ఆ మిగులు పోతుంది. తప్పదంటే కోచ్ (దూరప్రాంత బస్సు) సీటో, క్యాబో ముందే బుక్ చేసుకోండి. బస వెస్ట్‌మిన్‌స్టర్ చుట్టుపక్కల తీసుకుంటే బిగ్ బెన్, థేమ్స్ ఒడ్డు, ట్రఫాల్గర్ స్క్వేర్‌లో నార్వే ఏటా పంపే క్రిస్మస్ చెట్టు, అన్నీ నడిచే చూడొచ్చు. నాలుగింటికల్లా పొద్దుగూకుతుంది, పొద్దున్నే బయలుదేరండి.

280 చదరపు మీటర్లు దాటిన దుకాణాలు ఆ రోజు తెరవకూడదని చట్టం. పాలు, బ్రెడ్, పండ్లు 24 మధ్యాహ్నంలోపే కొనిపెట్టుకోండి. పిల్లలుంటే మరీ ముఖ్యం. బ్రిటిష్ మ్యూజియం, నేషనల్ గ్యాలరీ 24 నుంచి 26 దాకా మూసే ఉంటాయి. వాటిని 23లోపు ముగించండి, లేదా 27కి పెట్టుకోండి. 26న ట్యూబ్ మళ్లీ నడుస్తుంది గానీ ఊరు దాటే రైళ్లు చాలావరకు ఉండవు.